గేటుకు కట్టిన తువ్వాళ్లు

జూలూరుపాడు దగ్గర ఒక పత్తి మిల్లులో నేను గేటు గుమస్తాను. రైతులు వచ్చిన వరుసలో గేటు కడ్డీకి తువ్వాళ్లు కడతారు. ట్రాక్టర్లు లోపలికి వెళ్లేది ఆ వరుసలోనే. పోయిన సీజన్‌లో కొత్త మేనేజరు పని వేగం పెంచాలని నాతో తువ్వాళ్లు విప్పించి, పొడి పత్తికి ఒకటి, తడి పత్తికి ఒకటి, రెండు లైన్లు పెట్టాడు.

అందరికన్నా ముందొచ్చిన వీరన్న పత్తి తడిసి ఉంది. వెనకవాళ్లు పొడి లైనులో ముందుకు పోతుంటే ఇనుప రాడ్ అందుకున్నాడు.

"నా తువ్వాల ఎవడ్రా విప్పింది?"

నేనని చెప్పే ధైర్యం నాకు లేదు. "నేనే" అన్నాడు మేనేజరు. రాడ్ అతని తల పగలగొట్టింది. పత్తి మీద రక్తం చిమ్మింది, ఆఫీసు అద్దాల మీదికి రైతుల రాళ్లు లేచాయి. రెండో దెబ్బకు నా చెయ్యి విరిగింది. అడ్డుపడ్డానని అందరూ మెచ్చుకున్నారు గానీ, నేను పారిపోతూ అడ్డం తగిలాను.

మేనేజరు కూలిపోగానే వీరన్న రాడ్ పారేశాడు. తన తువ్వాలతోనే అతని తల కట్టి, మా ఇద్దరినీ తన ట్రాక్టర్లో పత్తి మీద వేసుకుని దవాఖానాకు ఉరికాడు. అక్కడ చాంతాడంత లైను.

"జరుగుండ్రి! ముందుగాల మా సారును చూడాలె!"

మేనేజరు మెల్లగా కళ్లు తెరిచాడు. "వాళ్లు మనకన్నా ముందొచ్చారు కదా, వీరన్నా?"

"వాళ్లది వేరే లైను, సారూ!"

అనేశాక వీరన్న గోడకు తల ఆనించి ఏడ్చాడు.

ఇప్పుడు మిల్లులో రెండు లైన్లు, రెండు కడ్డీలు ఉన్నాయి. తువ్వాళ్లు మాత్రం నేను ముట్టను.