బుధవారం వచ్చిన దీపావళి

నా చిన్నప్పుడు మా ఇంట్లో పండగలన్నీ శుక్రవారమే వచ్చేవి. వినాయకచవితి మంగళవారం పడినా, ఉగాది ఆదివారం పడినా, కువైట్‌లో మాకు మాత్రం అది శుక్రవారమే. నాన్న అల్ రాయ్‌లో ఒక కార్ల షెడ్డులో మెకానిక్కు. ఆయనకు సెలవుండేది ఆ ఒక్కరోజే. అందుకని అసలు పండగనాడు అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టి, నా నోట్లో ఇంత బెల్లంముక్క వేసి, "శుక్రవారం చేసుకుందాంలే అమ్మా" అనేది. వినీ వినీ, సెలవు దొరికితే గానీ పండగ రాదు కాబోలనుకునేదాన్ని.

ఫర్వానియాలో మేముండే బిల్డింగులోకి ఒక ఏడాది ఒక టీచరమ్మ వచ్చింది. మా పై అంతస్తులో దిగింది. ఆవిడది ట్రినిడాడ్ అనీ, అది సముద్రం మధ్యలో ఉన్న దేశమనీ, వెస్టిండీస్ క్రికెట్టు జట్టులో వాళ్ళ వాళ్ళు కూడా ఉంటారనీ నాన్న చెప్పాడు. నల్లటి, ఎత్తయిన మనిషి. ఆవిడ పైన నవ్వితే కింద మాకు వినపడేది. అమ్మకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆవిడకు తెలుగు ఎలాగూ రాదు. వాళ్ళ మాటలన్నీ నా మీదుగానే నడిచేవి. ఒకనాడు మెట్ల మీద అమ్మను ఆపి, మీరు దీపావళి చేసుకుంటారా అని అడిగింది. చేసుకుంటామనగానే మొహం ఇంత చేసుకుని, మీ ఇంటికి రావచ్చా అంది.

"అయ్యో, అడగాలా అండీ బాబూ! తప్పకుండా రమ్మని చెప్పవే" అంది అమ్మ.

ఏ రోజని ఆవిడ అడగలేదు, అమ్మా చెప్పలేదు. దీపావళి ఎప్పుడో ఎవరి మట్టుకు వాళ్ళకు తెలుసు మరి.

బుధవారం సాయంత్రం అమ్మ పాత నైటీలో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే తలుపు చప్పుడైంది. తీసి చూస్తే టీచరమ్మ. ఒంటి మీద ఎర్రటి కొత్త సల్వార్ కమీజు, చేతిలో మిఠాయి డబ్బా, చంకలో ఒక కట్ట పచ్చి ఖర్జూరపు మట్టలు. శుభాకాంక్షలు చెబుతూనే లోపలికి చూసింది. తాడు మీద ఆరేసిన బట్టలు, నేల మీద ఉల్లిపొట్టు. రోజు తప్పి వచ్చానా అని అడిగింది. నవ్వు అలాగే ఉంది గానీ, కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి.

పండక్కి రమ్మని పిలిచిన మనిషిని గుమ్మంలో అలా నిలబెట్టడమంటే మా కోనసీమ వాళ్ళకు తల కొట్టేసినట్టే. శుక్రవారం రమ్మని చెప్పబోతున్నాను నేను. అమ్మ నన్ను పక్కకు తోసి, ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"ఇవాళేనండి! మీరేం తప్పలేదు, మేమే వెనకబడ్డాం. ఒక్క అరగంట కూర్చోమను" అని వంటింట్లోకి పరుగెత్తింది. రవ్వ వేగుతున్న వాసన మాట పూర్తికాకముందే వచ్చింది.

ఇంటికి దూరంగా అది ఆవిడకు మొదటి దీపావళి అట. వాళ్ళ దేశంలో రంజాన్ పండగకూ, క్రిస్మస్‌కూ, దీపావళికీ అన్నిటికీ సర్కారు సెలవేనట. ఎవరి పండగయినా సెలవు మాత్రం అందరిదీ. దీపావళినాడు ఊరంతా వెదుళ్ళు చీల్చి, విల్లుల్లా వంచి, వాటి మీద దీపాలు పెడతారనీ, ఎవరు గడప తొక్కినా అన్నం పెట్టి పంపుతారనీ చెప్పింది. ఆవిడ మెడలో సిలువ చూసి, మీరు హిందువులు కారా అని అడిగాను.

"కాదు, మాది చర్చి. అయితేనేం? మా ఊళ్ళో అందరికన్నా బాగా వెదురు వంచేది మా నాన్నే" అంది.

ఇక్కడ వెదురు ఎక్కడిది? స్కూల్లో ఖర్జూరపు చెట్ల మట్టలు కొట్టిస్తుంటే పచ్చివి ఏరుకుని తెచ్చుకుందట. ముళ్ళు చెక్కేసి, మట్టను నిలువునా చీల్చి, మోకాలికి ఆనించి పసిపిల్లను పడుకోబెట్టినంత మెల్లగా వంచింది. వాటిని మెట్ల వెంబడి గోడకు ఆనించాం. ప్రమిదలు చాలక పచ్చడి సీసాల మూతల్లో నూనె పోసి, మట్టలకు సెగ తగలకుండా మెట్టుకొకటి పెట్టాం. తనది కాని పండగ కోసం అంత బెంగపడ్డ మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆవిడంటే నాకు ఎక్కడలేని గౌరవం పుట్టింది.

నూనె వాసనకు హారిస్ పైకి వచ్చాడు. బిల్డింగ్ కాపలా ఆయనే. అమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు. "అయిపోయిందే, ఇల్లు ఖాళీ చేయమంటాడు" అని నా భుజం పట్టుకుంది. ఆయన నోరు తెరిచేలోగా టీచరమ్మ కేసరి ప్లేటు చేతిలో పెట్టేసింది. ఆయన దీపాల వంక చూస్తూ అంతా తిని, మెట్లు దిగిపోయాడు. యజమానికి చెప్పడానికే వెళ్ళాడనుకున్నాం. రెండు బకెట్ల నీళ్ళు మోసుకొచ్చి మెట్ల దగ్గర పెట్టాడు. "యల్లా, కానివ్వండి, పిల్ల జాగ్రత్త" అని, ఇంకాస్త పెట్టమని ప్లేటు చాపాడు.

నాన్న గ్రీజు బట్టలతో వచ్చి మెట్ల కింద ఆగిపోయాడు.

"ఇవాళేనా?" అన్నాడు.

"ఇవాళేనండి" అంది అమ్మ.

నాన్న బూట్లు అక్కడే విప్పేసి, ఒక్కొక్క దీపమూ చూసుకుంటూ పైకి వచ్చాడు. కువైట్‌లో అడుగుపెట్టాక ఆయన దీపావళినాడు దీపావళి చూడడం అదే మొదలు.

టీచరమ్మ ఎప్పుడో వెళ్ళిపోయింది. పెళ్ళయ్యాక నేనూ ఫర్వానియాలోనే ఉండిపోయాను, మనవలు వచ్చారు. ఆవిడను చూసి నేర్చుకున్నది ఒకటి నాతోనే ఉంది. ఎవరికి పండగ వస్తోందని తెలిసినా, పిలుపు కోసం చూడకుండా నేనే అడుగుతాను. పోయినేడు ఎదురింటి ఫిలిప్పీన్స్ నర్సమ్మాయిని, క్రిస్మస్‌కు మీ ఇంటికి రావచ్చా అన్నాను. డ్యూటీ ఉంది, ఈసారి ఏమీ చేయడం లేదంటూ తలుపు వేసుకుంది. నేను వచ్చి కూరగాయలు ముందేసుకున్నానో లేదో, మా తలుపు చప్పుడైంది. ఆ పిల్లే. కళ్ళు తుడుచుకున్నట్టు తెలుస్తోంది.

"ఆంటీ, ఎన్నింటికి వస్తారు?" అంది.