వీపు తట్టి చూసే లెక్క

ఆ పరీక్ష రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ మార్కులు పోయింది ఒకే చోట, డిస్కుల నిర్వహణకు సంబంధించిన వ్యూల దగ్గర. రాని చోట పోతే ఏడ్చి ఊరుకునేదాన్ని. తెలిసిన చోట పోయేసరికి నా మీద నాకే ఒళ్లు మండింది.

నేను కుప్పంలో ఒక సంస్థ కంప్యూటర్ విభాగంలో కాంట్రాక్టు మీద పని చేస్తున్నాను. అక్కడ నాలుగు సర్వర్లు కలిసి ఒకే డేటాబేసును నడుపుతాయి. ఒకటి పడిపోయినా మిగతావి పని ఆపవు. వాటి వెనక డిస్కుల గుంపులుంటాయి. ఏ డిస్కు ఎలా ఉంది, ఎంత ఖాళీ ఉంది అని చెప్పే పట్టికలనే వ్యూలు అంటాం. ఇలా సర్వర్లను కలిపి నడిపే క్లస్టర్ పని చేసేవాళ్లందరూ పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకోవాలని పైనుంచి మాట వచ్చింది. మూడోసారీ తప్పితే నా కాంట్రాక్టు పొడిగించరు. హైదరాబాదు పోయి పని వెతుక్కోవాలి.

పోవడానికి నాకేం భయం లేదు. నాయన ఉన్నాడు, అదే సంగతి. కురబలకోట దగ్గర మా ఊళ్లో అన్నా వదినల దగ్గర ఉంటాడు. కొన్నేళ్లుగా ఆయనకు మతిమరుపు ముదురుతోంది. నన్ను ఇంకా గుర్తుపడుతున్నాడు. ఎన్నాళ్లు గుర్తుపడతాడో చెప్పలేమన్నాడు డాక్టరు. కుప్పంలో ఉంటే ప్రతి శనివారం ఆయన దగ్గరికి పోవచ్చు. ఆ మిగిలిన శనివారాల కోసమే నేను ఆ పరీక్ష రాస్తున్నాను.

శనివారం మధ్యాహ్నం కుప్పంలో బస్సెక్కి, పుంగనూరు మీదుగా మదనపల్లె చేరేదాకా ఒళ్లో కాగితాలు పెట్టుకుని చదివేదాన్ని. ఒకసారి పక్క సీట్లో పెద్దామె తొంగిచూసి, "ఈ వయసులో ఏం పరీచ్చమ్మా?" అంది. "ఉండే ఉద్యోగం ఊడకుండా ఉండే పరీక్ష" అన్నాను.

నన్ను ముంచింది ఒక జత వ్యూలు. వీ డాలర్ ఏఎస్ఎం డిస్క్ అనేదాన్ని అడిగితే, అది అడిగిన ప్రతిసారీ బయల్దేరి డిస్కులన్నింటినీ తట్టి చూసి వచ్చి చెబుతుంది. అదే పేరు చివర స్టాట్ అని ఉండే రెండోది ఎక్కడికీ పోదు. కిందటిసారి చూసినదాన్ని జ్ఞాపకంలోంచి చెబుతుంది. డిస్కులు అసలే భారం మీద ఉన్నాయి, కొత్తవేవీ చేర్చలేదు, అప్పుడు ఏ వ్యూను అడగాలి అని ప్రశ్న ఇస్తారు. రెండోదాన్ని అని నాకు తెలుసు. చెయ్యి మాత్రం మొదటిదాని మీదికే పోయేది. చూడకుండా చెప్పేది లెక్కెలా అవుతుందని లోపల ఏదో మొండికేసేది.

ఆ మొండితనం నాయన నేర్పిందే. మాది గొర్రెలు కాసుకునే ఇల్లు. పొద్దు వాలాక మంద తిరిగొస్తే, నాయన గొర్రెలను మూసే రొప్పం తడికను ఒక్క గొర్రె దూరేంత తెరిచి పక్కనే గొంతుక్కూర్చునేవాడు. లోపలికి పోయే ప్రతిదాని వీపు మీదా ఆయన అరచెయ్యి పడాల్సిందే. చివరిది దూరాకే అంకె చెప్పేవాడు. అంకె చెప్పాకే చేతులు కడుక్కుని సంకటి ముందు కూర్చునేవాడు.

నాకు పదేళ్లప్పుడు ఒకరోజు ఆయన జ్వరంతో పడుకుని, లెక్క చూసి రమ్మని నన్ను పంపాడు. నేను ఆటలో పడి రొప్పం దాకా పోనేలేదు. "అరవైమూడు నాయనా, అన్నీ వొచ్చినాయి" అన్నాను.

"సూసి సెప్తాండావా, నిన్నటిది సెప్తాండావా?" అన్నాడు.

ఆయన కంబళి కప్పుకుని లేచిపోయి, గొర్రెలను బయటికి తోలి మళ్లీ లెక్కపెట్టాడు. ఒకటి తక్కువ. ఈనడానికి వచ్చిన గొర్రె వాగువంకలో పడి ఉండిపోయింది. దొరికేసరికి తల్లీ లేదు, పిల్లా లేదు. నాయన నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఇప్పుడు మా ఇంట్లో గొర్రెలు లేవు. నాయన మేపు నుంచి ఇంటికి దారి మరిచిపోవడం మొదలయ్యాక, అన్న మందను అమ్మేశాడు. నాయనకు అది గుర్తుండదు. పొద్దు వాలగానే అరుగు మీద కూర్చుని "అన్నీ వొచ్చినాయా?" అంటాడు. వదిన పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే "వొచ్చినాయి మామా, అరవైమూడు" అంటుంది. ఆయన తలలో మిగిలిన అంకె అదొక్కటే. అది విన్నాక ఆయన చేతులు కడుక్కుంటాడు.

వదిన అలా చెప్పడం నాకు గిట్టేది కాదు. ఆయన్ను చిన్నపిల్లాణ్ని చేస్తోందనిపించేది. నేనున్న శనివారాలు మాత్రం నేనే జవాబిచ్చేదాన్ని. "గొర్లు లేవు నాయనా, అన్న అమ్మేసినాడు" అని ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. అదే ఆయనకిచ్చే మర్యాద అనుకున్నాను.

మూడోసారి పరీక్ష ఆదివారం. ముందురోజు సాయంత్రమూ అదే చెప్పాను. "నాతో ఒక మాటైనా సెప్పకుండానా?" అని నాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కంచం ముట్టలేదు.

వదిన నన్ను వాకిట్లోకి పిలిచింది.

"నువ్వొచ్చిన దినం ఆయన తినేది లేదమ్మా. మల్లా పొద్దున్నే గానీ తినడు. సూస్తానే ఉండావు గదా?"

"అబద్ధం యాల సెప్పాల వదినా?"

"గొర్లు ఒకతూరి పోయినాయి. ఆయనకు మాత్రం వారం వారం పోతాండాయి. అసలే కూలిపోయిన మనిసి. ఆయన్ను లేపి లేపి యాల సూస్తావు?"

ఏ శనివారాల కోసం నేను చదువుతున్నానో, ఆ శనివారాలే నాయన పస్తుండే రోజులు.

మా ఊళ్లో నెట్ నిలవదు. అందుకే మర్నాడు పుంగనూరులో స్నేహితురాలి మేడ గదిలో పరీక్ష రాశాను. ఆన్‌లైన్లో కాపలా కాసేవాళ్లు గది నాలుగు మూలలూ కెమెరా తిప్పి చూపించమన్నారు, చూపించాను. సగం దాటాక ఆ ప్రశ్న వచ్చింది. భారం మీదున్న డిస్కులు, ఏ వ్యూను అడగాలి? ఈసారి చెయ్యి మొండికేయలేదు. స్టాట్ అని ఉన్నదాన్ని నొక్కాను. ఆ తర్వాతి ప్రశ్న చదవడానికి కాసేపు పట్టింది, కళ్లు తుడుచుకోవాల్సి వచ్చింది.

పాసయ్యాను. కాంట్రాక్టు పొడిగించారు.

తర్వాతి శనివారం ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. నాయన అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"అన్నీ వొచ్చినాయా?"

వదిన పొయ్యి దగ్గర నుంచి నావైపు చూసింది.

"వొచ్చినాయి నాయనా. అరవైమూడు" అన్నాను.

చెంబుతో నీళ్లు తెచ్చి ఆయన చేతుల మీద పోశాను. ఆయన నెమ్మదిగా చేతులు రుద్దుకుంటూ అన్నాడు.

"మీ వదిన సెప్తే నాకు అనుమానమేమ్మా. నువ్వయితే సూడకుండా సెప్పవు."