గ్రిప్పు ఆరకముందే

తిరువూరు బోసుబొమ్మ సెంటరులో నిలబడి మంచి మెకానిక్కు ఎవరండీ అని అడిగితే పదిమందిలో ఏడుగురు శౌరయ్య పేరే చెబుతారు. మిగతా ముగ్గురూ ఆయన చేత తిట్లు తిన్నవాళ్ళయి ఉంటారు. ముప్ఫై రెండేళ్ళుగా గంపలగూడెం రోడ్డు మొదట్లో రేకుల షెడ్డు వేసుకుని మోటారుసైకిళ్ళు బాగుచేస్తున్నాడు. నోరు మంచిది కాదు, చెయ్యి మంచిది. బండి తెచ్చినవాడు ఇక్కడ బిగించు, అక్కడ వదులు చెయ్యి అని సలహా ఇచ్చాడో, అయిపోయాడే. నీకంత తెలిస్తే నువ్వే చేసుకోవచ్చుగా అని ముఖం మీదే అనేస్తాడు. అయినా మళ్ళీ ఆయన దగ్గరికే వస్తారు. శౌరయ్య చేసిన బండి దారిలో మోసం చెయ్యదని ఊళ్ళో ఒక మాటుంది. ఆ మాటంటే ఆయనకి ప్రాణం. ఒక పూట అన్నం మానేసి ఉండగలడు గానీ, ఆ మాట పోతే మాత్రం ఉండలేడు.

అంతటి మనిషీ ఈ మే నెలలో ఒక బుధవారం పొద్దున ఒక ఆడపిల్ల ప్రాణం మీదికి తెచ్చాడు. తెలియక కాదు, అన్నీ తెలిసే.

ఆ అమ్మాయి పేరు కరుణశ్రీ. పశువుల డాక్టరు గారి దగ్గర సహాయకురాలు. పల్లెల్లో మాత్రం ఆమెనే డాక్టరమ్మ అంటారు. డొంకల్లో, కాలవగట్ల మీద స్కూటీ నడవదని మోటారుసైకిలే కావాలంది. పాత బండి ఒకటి వెతికి కొనిపెట్టింది శౌరయ్యే. మార్కెట్ యార్డులో వారం రోజులు వెనక కూర్చుని నడపడం నేర్పిందీ ఆయనే. నేర్పుతూ రెండు సంగతులు బుర్రకెక్కేదాకా చెప్పాడు. బండి మీదుండగా ఫోను మోగితే మోగనీ, ఎత్తొద్దు. బండి నీ మాట వినకపోతే ఆలోచించొద్దు, క్లచ్చి నొక్కి తాళం తిప్పెయ్. ఆ పిల్ల రెండూ తు.చ. తప్పకుండా పాటిస్తుంది. శౌరయ్యని బాబాయ్ అనే పిలుస్తుంది, బాబాయ్ చెప్పాడంటే ఇక తిరుగులేదామెకి.

రోజుకి డెబ్భై కిలోమీటర్లు తిరిగేసరికి ఆమె కుడిచేతికి తిమ్మిరి పట్టుకుంది. సాయంత్రానికి సిరంజి పట్టుకుంటే వేళ్ళు స్వాధీనంలో ఉండటం లేదు. ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో రెండు సామాన్లు తెప్పించింది. ఒకటి, హ్యాండిల్ రెండు చివర్లా బిగించే ఉక్కు బరువులు. అవి ఉంటే హ్యాండిల్ అదురు తగ్గి చేతికి సుఖంగా ఉంటుంది. రెండోది థ్రాటిల్ లాక్. చేత్తో పట్టుకునే కుడివైపు రబ్బరు గ్రిప్పుకీ ఆ బరువుకీ మధ్య కూర్చునే చిన్న రింగు, దానికో మీట. మీట నొక్కితే రేసు, అంటే యాక్సిలరేటరు, తిప్పినచోటే ఆగిపోతుంది, తిన్నని రోడ్డు మీద కాసేపు మణికట్టు సడలించుకోవచ్చు. మీట పైకి తీస్తే మళ్ళీ మామూలే. ఒకవేళ మీట రాకపోయినా గ్రిప్పుని గట్టిగా వెనక్కి తిప్పితే రేసు తగ్గిపోతుంది. శౌరయ్య ఆ రింగుని అటూ ఇటూ తిప్పి చూసి, దేవుడిచ్చిన చెయ్యుండగా ఇదెందుకే అని సణిగాడు. ఆమె వేళ్ళు వణకడం చూశాక ఇక సణగలేదు.

బుధవారం ఏడింటికల్లా బండి తెచ్చింది. మర్నాడు తీసుకెళ్ళేటట్టు మాట. పాత గ్రిప్పు చివర మూసి ఉండటంతో బరువు బిగించడానికి సందులేదు. దాన్ని కోసి తీసేసి, కొత్త గ్రిప్పు చివర కత్తిరించి ఎక్కించాడు. కొత్త రబ్బరు ఊరికే ఎక్కదు కదా, దానికి శౌరయ్య దగ్గరొక కిటుకుంది. రూపాయి షాంపూ ప్యాకెట్టు లోపల పిండితే సర్రున జారి కూర్చుంటుంది. అయితే ఆ షాంపూ ఆరాలి. ఆరితే రబ్బరు లోపల రేసు తిప్పే గొట్టాన్ని జిగురులా పట్టేస్తుంది, ఆరకపోతే జారుతుంది. అందుకే గ్రిప్పు మార్చిన బండి, అది తాసిల్దారు గారిదైనా సరే, ఆ రాత్రి షెడ్డులో పడుకోవాల్సిందే. ఆ కట్టుబాటు ఆయన పెట్టుకున్నదే, ఇంతవరకూ తప్పలేదు.

ఎనిమిదింటికి కరుణశ్రీకి ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గాలికుంటు టీకాలు వచ్చేశాయట. నెమలి అనే ఊరి దగ్గర పల్లెలో పదింటికల్లా పశువుల్ని కట్టి ఉంచుతారట. ఐసు కరిగితే మందు పాడవుతుంది. ఆమె బతిమాలింది. ఆయన కాదన్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. మెత్తబడ్డాడు.

పైపైన గుడ్డతో తుడిచాడు. గ్రిప్పుకీ రింగుకీ మధ్య వేలిగోరు మందం సందు వదిలాడు. రేసు తిప్పి వదిలాడు, టక్కున వెనక్కొచ్చింది. ఎప్పటిలాగే ట్యాంకు మీద బొటనవేలితో సిలువ గుర్తు వేసి, కాలవ మీది చప్టా దాకా నడిపి చూసొచ్చాడు. వంక పెట్టడానికి లేదు. రేపొకసారి తెచ్చి చూపించమని తాళం ఇచ్చాడు. గ్రిప్పు ఇంకా ఆరలేదు, ఈ పూట ఆ మీట నొక్కొద్దు అని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. నోటి చివరిదాకా వచ్చింది కూడా. కానీ అలా అంటే, పని సగంలో ఉన్న బండి ఇచ్చినట్టు తనే ఒప్పుకున్నట్టవుతుంది. శౌరయ్య సగం పని చేస్తాడా? మింగేశాడు.

తొమ్మిదింటికి ఆయన భార్య జ్ఞానమణి ఇడ్లీ డబ్బా తెచ్చి చేతుల మీద నీళ్ళు పోసింది. గుడ్డతో ఎప్పుడో తుడుచుకున్న చేతులు. నీళ్ళు పడగానే వేళ్ళ మధ్య నుంచి తెల్లటి నురగ లేచింది. ఎంత కడిగినా ఇంకా ఇంకా వస్తూనే ఉంది.

శౌరయ్య ఆ నురగ వంక చూశాడు. మే నెల ఎండ. గంటసేపు గ్రిప్పు పట్టుకుంటే అరచెయ్యి చెమటతో తడిసి ముద్దవుతుంది. ఆ చెమట గ్రిప్పు అంచు నుంచి లోపలికి దిగుతుంది. షాంపూ మళ్ళీ మెత్తబడుతుంది. రబ్బరు బయటికి జరుగుతుంది, వేలిగోరు సందు ఎంతసేపు ఆగుతుంది? అది మీట మీదికి ఎక్కితే మీట రాదు. గ్రిప్పు తిప్పి తగ్గిద్దామంటే, చేతిలో రబ్బరు తిరుగుతుంది గానీ లోపల గొట్టం తిరగదు. రేసు పట్టినది పట్టినట్టే ఉంటుంది.

డబ్బా అక్కడే వదిలేసి ఫోను చేశాడు. మోగింది. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎందుకెత్తుతుంది? ఎత్తొద్దని చెప్పిన మహానుభావుడు తనే కదా. ఏంటి, ఏమైంది అని జ్ఞానమణి వెంటపడి అడుగుతున్నా పలకకుండా తన పాత బండి కిక్కు కొట్టాడు.

ఊరు దాటాక రోడ్డు తిన్నగా ఉంది. ఎప్పుడూ ఆ రోడ్డు బాగుందని సంతోషించేవాడు, ఇవాళ తిట్టుకున్నాడు. గుంతల రోడ్డయితే ఆ పిల్ల మీట నొక్కేది కాదు. టీకొట్టు దగ్గర బండి ఆపకుండానే, ఐసుపెట్టె కట్టుకుని మోటారుసైకిలు మీద ఒకమ్మాయి వెళ్ళిందా అని కేకేశాడు. అరగంటయిందని చెయ్యి ఊపారు. పేర్లు గుర్తున్నంతమంది పునీతుల్నీ తలుచుకున్నాడు. తప్పు తను చేసి, కాపాడమని వాళ్ళని అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాడు.

మలుపులో జనం గుమిగూడి ఉన్నారు. శౌరయ్య బండి స్టాండు వెయ్యడం మరిచిపోయి పక్కకి పడేసి పరిగెత్తాడు. తీరా చూస్తే మామిడికాయల ట్రాక్టరు. టైరు పేలి ట్రక్కు ఒరిగింది, కాయలు రోడ్డంతా దొర్లుతున్నాయి. మనుషులెవరికీ ఏమీ కాలేదట. దేవుడి దయ అనుకుని, పడున్న బండిని లేపుకుని మళ్ళీ ఎక్కాడు.  

మూడు కిలోమీటర్లు పోయాక రోడ్డు మీద మొక్కజొన్నలు ఆరబోసి ఉన్నాయి. ఈ కాలంలో ఆ దారంతా అంతే, సగం రోడ్డు బళ్ళకి, సగం రోడ్డు గింజలకి. ఆ గింజల మధ్యనుంచి ఒక చక్రం గీత పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళి, చివర పెద్ద కుప్పలో దూరింది. కుప్పలో సగం దాకా కూరుకుపోయి ఉంది బండి. ఆయన కొనిపెట్టిన బండే.

కరుణశ్రీ కుప్ప పక్కన నేలమీద కూర్చుని ఉంది. ప్యాంటు మోకాలి దగ్గర చిరిగి నెత్తురు కనబడుతోంది. ఒళ్ళో ఐసుపెట్టె, రెండు చేతులూ దాని చుట్టూ. బతికే ఉంది. శౌరయ్య ఆమె పక్కనే నేలమీద కూర్చుని ఏడ్చేశాడు.

జరిగింది ఆయన ఊహించినట్టే జరిగింది. తిన్నటి రోడ్డు చూసి మీట నొక్కింది. ఎదురుగా గింజలు కనబడి తీద్దామంటే రాలేదు. గ్రిప్పు తిప్పితే ఉత్తినే తిరిగింది. బాబాయ్ మాట గుర్తొచ్చి క్లచ్చి నొక్కి తాళం తిప్పేసింది. అప్పటికే చక్రాల కింద గింజలు జారాయి. ఆ కుప్పే లేకపోతే అవతల కల్వర్టు గోడే.

చుట్టూ పదిమంది చేరారు. గింజలు అంతోనమ్మ అనే ముసలావిడవి. ఆమె చీపురుతో ఊడ్చుకుంటూ శాపనార్థాలు పెడుతోంది. అందరికన్నా ముందు నిలబడి మాట్లాడుతున్నది భాస్కరరావు, తిరువూరులో ఎరువుల కొట్టు ఆయనది. ఆయన ఇంట్లో మూడు బళ్ళూ శౌరయ్య చేతి కిందే ఉంటాయి.

"శౌరయ్యా, నువ్వొచ్చావు మంచిదే. నువ్వు చేసిన బండి ఇట్టా చెయ్యదని నేను వీళ్ళకి చెప్తూనే ఉన్నా. ఆడపిల్లకి ఇంత బండేంటి, ఈ మీటలేంటి? నడపడం రాలా, అంతే," అన్నాడు భాస్కరరావు.

అందరూ తలూపారు. కరుణశ్రీ తల దించుకునే ఉంది. "అవునండి, నాకే తియ్యడం తెలీలేదు," అంది చిన్నగా.

అంతే. ఇక చాలు. ఎవరూ ఏమీ అడగరు. అమ్మాయే ఒప్పేసుకుంది, పెద్దమనిషి తీర్పు చెప్పేశాడు, శౌరయ్య పేరు చెక్కు చెదరకుండా ఉంది. నోరు మూసుకుని బండి లేపుకుపోవడమే తరువాయి. పొద్దున ఒకమాట మింగినవాడికి ఇంకోమాట మింగడం ఎంతసేపు? ఆయన లేచి బండి దగ్గరికి వెళ్ళాడు. గ్రిప్పు చూశాడు. రబ్బరు అరంగుళం జరిగి మీటని కప్పేసి ఉంది. పట్టుకుంటే వేళ్ళ కింద తడిసబ్బులా కదిలింది.

"ఆ పిల్ల తప్పేం లేదండి," అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. "బండి తప్పూ కాదు. గ్రిప్పు ఆరకుండా నేనే ఇచ్చా. ఆరలేదని నాకు తెలుసు. ఆ మీట ముట్టుకోవద్దని చెప్పాల్సింది, చెప్పలా. చెప్తే నా పని సగమంటారని చెప్పలా."

చీపురు చప్పుడు ఆగింది. భాస్కరరావు ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు, లోకం తెలియని చంటిపిల్లవాడిని చూసినట్టు. తర్వాత తన బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకుని మెల్లగా జారుకున్నారు. ఈ కబురు తను ఊరు చేరేలోపే బోసుబొమ్మ సెంటరుకి చేరుతుందని శౌరయ్యకి తెలుసు.

కరుణశ్రీ తలెత్తింది. కుడి అరచెయ్యి చాపి ఆయన ముందు పెట్టింది.

"వాసన చూడండి బాబాయ్."

షాంపూ వాసన. అరచేతి గీతల్లో నురగ ఎండి తెల్లగా కనబడుతోంది.

"పడ్డప్పుడే తెలిసింది నాకు. మీరు చెప్తారో లేదోనని చూశా," అంది.

చెప్పకపోతే ఏం చేసేదానివని ఆయన అడిగాడు. 

"మిమ్మల్ని బాబాయ్ అనడం మానేసేదాన్ని."

అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆయనకి అదే ఎక్కువైంది. అంతోనమ్మ దగ్గర చీపురు తీసుకుని గింజలన్నీ తనే ఊడ్చి కుప్ప చేశాడు. ఆ ముసలావిడ తిడుతూనే అమ్మాయి మోకాలికి పసుపు అద్దింది. కూరుకున్న బండిని లాగి ముసలావిడ ఇంటి ముందు పెట్టి, కరుణశ్రీనీ ఐసుపెట్టెనీ తన బండి మీద ఎక్కించుకుని నెమలి వైపు తీసుకెళ్ళాడు. ఐసు ఇంకా కరగలేదు. ఆ మధ్యాహ్నం దాకా ఎద్దుల కొమ్ములు పట్టుకుని నిలబడ్డాడు, ఆమె సూదులు వేసింది. పశువులు తోకలతో ముఖం మీద కొడుతుంటే ఒక్క తిట్టూ తిట్టలేదు.

సాయంత్రం ఆ బండిని ఆటోట్రక్కులో తెచ్చాడు. గ్రిప్పు తీసి, లోపల పెట్రోలు గుడ్డతో తుడిచి, మళ్ళీ ఎక్కించాడు. బండిని షెడ్డులో పెట్టి తాళం వేసి, ఇంటికి పోకుండా షెడ్డు ముందే కాసేపు కూర్చున్నాడు. భాస్కరరావు ఇంట్లో బళ్ళు ఆ వారం రాలేదు. ఆ తర్వాత వారమూ రాలేదు.

ఆ బుధవారానికి మర్నాడు పొద్దున్నే కరుణశ్రీ కుంటుకుంటూ వచ్చింది. శౌరయ్య పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. ఆమె మీట నొక్కింది, తీసింది. గ్రిప్పుని బలంకొద్దీ తిప్పింది, గొట్టంతో కలిసే తిరిగింది, రబ్బరు జారలేదు. చివరికి అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

తాళం ఇవ్వండి బాబాయ్ అని చెయ్యి చాపింది.