ఖాళీ చేసిన రాయి

ఇసోబె కినుయో అక్క తండ్రి ముఖం ఎరగదు. ఆయన జపాను సైన్యంతో యుద్ధానికి పోయేనాటికి ఈవిడ నెలల పిల్ల. న్యూగినీ అడవుల్లో పోయారని కబురొచ్చింది. అస్థికలంటూ వెంట వచ్చిన తెల్లపెట్టె విప్పితే లోపల ఒక గులకరాయి ఉందట. అందుకే మా ఊరి బడి వెనక దిబ్బ మీద, సైనికుల పేర్లు చెక్కిన రాయే ఆవిడకి తండ్రి. ముప్పై ఎనిమిది పేర్లలో ఆయనది కింది వరస. దాహంతో పోయారని ఎవరో అన్నారు. టోఫు కొట్టు తెరవకముందే, సోయా గింజలు రుబ్బిన చేతులు కడుక్కుని, ఒక కప్పు నీళ్లు అక్కడ పెట్టొచ్చేది. అలా డెబ్బై ఏళ్లు.

ఆమధ్య వచ్చిన భూకంపానికి ఆ రాయి పక్కకి ఒరిగింది. దాన్ని చూసుకునే అమరుల కుటుంబాల సంఘంలో అందరూ పోయి అక్క ఒక్కతే మిగిలింది. బాగుచేయించమని ఏడాదిపాటు టౌన్ ఆఫీసు చుట్టూ తిరిగింది.

"బామ్మగారూ, అది పూజలందుకునే రాయి. దానికి జనం కట్టిన పన్నులు ఖర్చుపెట్టడానికి చట్టం ఒప్పుకోదు," అన్నాడు గుమాస్తా హటానొ.

"వాళ్లని యుద్ధానికి తోలినప్పుడు ఏ మూల పడుకుందయ్యా నీ చట్టం?"

హటానొ తల గోక్కున్నాడు. "ఏం చెయ్యమంటారు? అందులో ఆత్మలున్నాయంటారు మీరు. ఒట్టి రాయైతే వేరే సంగతి."

ఆ ముక్క పట్టుకుంది అక్క. తిన్నగా మా ఇంటికొచ్చింది. మా ఆయన ఊరి బౌద్ధాలయంలో పూజారి.

"ఆత్మల్ని సాగనంపే పూజ చేసి, చేశానని కాగితం రాసివ్వండి స్వామీ. రిపేరయ్యాక మళ్లీ పిలుచుకుందాం."

మా ఆయన నీళ్లు నమిలారు. "అది సమాధి తీసేసే ముందు చేసే పూజ కదా, కినుయో గారూ."

"నేను బతికుండగా తీసేదెవరంట?"

ఆ పూజ అయిందంటే రాయికి కాలం చెల్లినట్టేనని మా ఊళ్లో పసిపిల్లలకీ తెలుసు. నాకూ తెలుసు. కానీ ఆవిడ మొహంలో ఆశ చూసి నోరు మెదపలేదు. ఊరందరి మీదా లేచే నోరు నాది, కావలసిన రోజున పడిపోయింది.

పూజ అయింది. అక్క నీళ్ల కప్పు వెనక్కి తీసుకుంది. "కొన్నాళ్లు ఓపిక పట్టు నాన్నా," అనడం విన్నాను. కాగితం మీద సంఘం ముద్ర కూడా వేసి ఆఫీసులో ఇచ్చింది.

వాళ్లు సంబరపడ్డారు. ఒరిగిన స్మారకాల్ని బాగుచేయడానికి డబ్బు లేదు గానీ, తొలగించడానికి సర్కారు సాయం ఉంది. సంఘమే పూజ చేయించి ముద్ర వేసిచ్చాక ఇంకేం కావాలి? బాగుచేయడానికిచ్చిన కాగితమది అని అక్క మొత్తుకుంది. హటానొ నడుం వంచి క్షమాపణ చెప్పాడు. "రేపు బడిపిల్లల మీద పడితే ఎవరిది పూచీ, బామ్మగారూ? పైవాళ్లు సంతకాలు కూడా పెట్టేశారు."

నవంబరులో క్రేన్ వచ్చింది. పనివాళ్లు మర్యాద తెలిసినవాళ్లు, రాయికి చేతులు జోడించబోయారు.

"అక్కర్లేదు, లోపలెవరూ లేరు," అన్నాడు హటానొ.

మూడు ముక్కలు చేసి లారీకెక్కించారు. అక్క ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే నిండు కప్పుతో మా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"చెల్లీ, మా నాన్నని ఎక్కడికి పంపారో మీ ఆయన్ని అడుగు. ఈ నీళ్లు ఎక్కడ పెట్టను?"

మా ఆయన లోపలే ఉన్నారు. విన్నారు. బయటికి రాలేదు.