హారన్ లేకుండా నరసరావుపేట దాకా

మా మేస్త్రి బాబాయి పోయాడని మంగళవారం పొద్దున్నే కబురొచ్చింది. నిద్రలోనే పోయాడట. ఏడుపుకంటే ముందు నాకు భయం వేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను. మర్నాడే అమ్మను నరసరావుపేట డాక్టరుకు చూపించాలి. దారిలో కారు వేడెక్కితే ఇక ఎవరికి ఫోన్ చెయ్యను?

ఆయన మాకు చుట్టం కాదు. మాచర్లలో మా వీధి చివర షెడ్డులో కార్లు బాగుచేసేవాడు. కారు వేడెక్కుతోందని ఎవరొచ్చినా ముందు ఏసీ వేయించి, బానెట్ ఎత్తి ఇంజన్‌ను చల్లబరిచే రేడియేటర్ ఫ్యాన్ వంక చూసేవాడు. ఏసీ వేస్తే ఆ ఫ్యాన్ కూడా తిరగాలట. "తిరుగుతుందిగా, మోటారు బతికే ఉంది. వేడి కనిపెట్టే సెన్సారు చూడాల." తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత దానికి కరెంటు అందించే రిలే, ఆఖరికి మోటారు. ఇదంతా ఎందుకు, ఫ్యాన్ వైరు డైరెక్టుగా బ్యాటరీకి కలిపెయ్యమంటే మాత్రం మండిపడేవాడు. "జొరం ఎందుకొచ్చిందో చూడకుండా తడిగుడ్డ కప్పమంటావేంది?"

ఆయన కుడి చూపుడువేలికి కొన లేదు. ఇంజన్ ఆపేశాను కదా అని చెయ్యి పెడితే, ఫ్యాన్ దానంతటదే తిరిగిందట. ఆ మొండివేలు నా ముఖం ముందు ఆడించి, "భయపడమ్మాయ్. భయముంటేనే బండి ఇల్లు చేరుద్ది" అనేవాడు.

ఆ భయమేమిటో రెండేళ్ళ క్రితం మే నెలలో తెలిసింది. అమ్మకు గుండెనొప్పి. అంబులెన్సు ఆలస్యమవుతుందంటే వెనకసీట్లో పడుకోబెట్టుకుని నేనే నరసరావుపేట బయలుదేరాను. రెంటచింతల దాటగానే ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కింది. కారు ఆపి, నీళ్ళసీసా పట్టుకుని, రేడియేటర్ మూత తీయబోతూ ఆయనకు ఫోన్ చేశాను.

"మూత ముట్టుకోమాక! మొకం ఉడికిపోద్ది. ఫ్యాన్ తిరుగుతుందా?"

"లేదు బాబాయ్. అమ్మ మాట్లాడట్లేదు."

"ఊపిరి ఉందా?"

"ఉంది."

"అయితే నా మాట విను. ఇంజన్ ఆపి తాళంచెవి చేతిలో పెట్టుకో."

బానెట్ కింద ఫ్యూజుల పెట్టె తెరిచి, ఫ్యాన్ ఫ్యూజులో తీగ తెగిందేమో చూడమన్నాడు. తెగలేదు. "ఆ పక్కనే నల్ల డబ్బీలుంటయ్, రిలేలు. పెట్టె మూతకి లోపల బొమ్మ ఉంటది, చూడు. ఫ్యాన్‌ది తీసేసి, హారన్‌ది పీకి దాంట్లో పెట్టు. రెండూ ఒకటే రకం."

డబ్బీ చేజారి కింద పడింది. నేలమీద పాకి తీసుకుని పెట్టాను. స్టార్ట్ చేసి ఏసీ వేస్తే ఫ్యాన్ గిర్రున తిరిగింది. బావురుమన్నాను.

"ఏడుపు తర్వాత. ముల్లు దిగిందాకా కదలమాక. ఇంక హారన్ మోగదు. లైట్లేసుకుని, అరుచుకుంటా పో."

ముల్లు దిగేదాకా ఆగడం ఉందే, పగవాళ్ళకు కూడా వద్దు. ఒక కన్ను ముల్లు మీద, ఒక కన్ను అమ్మ ఛాతీ మీద. ఆ తర్వాత లారీల వెనక కిటికీలోంచి తల బయటపెట్టి, "తప్పుకోండయ్యో!" అని గొంతు పోయేదాకా అరిచాను. ఫోన్ స్పీకర్లో ఆయన "ముల్లు ఎక్కడుంది?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆసుపత్రి వాళ్ళు అమ్మను లోపలికి తీసుకెళ్ళారని చెప్పాక గానీ ఆయన అసలు మాట చెప్పలేదు.

"నాకూ చానా భయమేసిందిలే అమ్మాయ్."

అమ్మ బతికింది.

మొన్న బుధవారం అమ్మను చూపించుకొస్తూ, దారంతా రోడ్డుకంటే ముల్లునే ఎక్కువ చూశాను. ఎక్కడా ఎక్కలేదు. ఊళ్ళోకి వచ్చాక షెడ్డు ముందు ఆపాను. షట్టర్ వేసి ఉంది. ఇంజన్ ఆపేసినా లోపల ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది.

"దిగుదామా?" అంది అమ్మ.

"ఉండమ్మా, ఇంకా తిరుగుతోంది" అన్నాను.