గేటు నుంచి వరండా దాకా ఒక చీర

మా ఆవిడ లెక్కలో మొక్క అన్నది దేవుడికన్నా పనికిరావాలి, కూరకన్నా పనికిరావాలి, తల్లోకన్నా పనికిరావాలి. ఈ మూడింటికీ పనికిరానిది కలుపు. నా లెక్కలో మొక్క కంటికి పనికివస్తే చాలు. ఈ రెండు లెక్కలూ ఒకే ఇంటి ముందు, ఒకే కుళాయి కింద కుదరాల్సి వచ్చింది.

నేను రిటైరయ్యేదాకా మాకు తోటా లేదు, దొడ్డీ లేదు. బెజవాడలో ఒక పెద్ద బట్టల కొట్లో చేనేత కౌంటర్ దగ్గరే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. మా పని చీరలు అమ్మడం అని బయటివాళ్లు అనుకుంటారు. కాదు, మడవడం. వచ్చినావిడ ముందు గుట్టగా పరుస్తాం, ఆవిడ పెదవి విరుస్తుంది, మడుస్తాం. పొద్దస్తమానం మేం ఎదురుచూసేది ఒకే ఒక్క మాట కోసం: "దీన్ని మడవకండి." ఆ మాట వచ్చిందంటే చీర నచ్చినట్టు. నచ్చిన చీర కాస్తా సంచీలోకి ఎక్కి ఎవరింటికో వెళ్లిపోతుంది, మిగిలిన గుట్ట మాకు. రంగూ అంచూ అద్భుతంగా కుదిరిన చీర ఒక్కటి, ఒక్క పూట నా కళ్లముందు పరిచి ఉంటే బాగుండునని ఎన్నిసార్లు అనుకున్నానో.

మంగళగిరి శివార్లో ఇల్లు కట్టుకున్నప్పుడు గేటు నుంచి వరండా దాకా, దారి పక్కన పొడుగ్గా ఇరుగ్గా కాస్త జాగా మిగిలింది. బైకు పెట్టుకోడానికి బాగుంటుందన్నాడు మేస్త్రీ. నాకు మాత్రం అక్కడ కౌంటర్ మీద పరిచిన చీర కనబడింది. నేను చూసేసరికే అందులో మా ఆవిడ కాపురం పెట్టేసింది. పెయింటు డబ్బాలు, చిల్లుపడ్డ బకెట్లు, థర్మాకోల్ పెట్టెలు, అన్నిట్లోనూ మొక్కలే. ఎవరింటికి పేరంటానికి వెళ్లినా తాంబూలంతో పాటు ఒక కొమ్మ పట్టుకొచ్చేది. కాకరతీగ గులాబీ మీదికి పాకేది, గులాబీ వెళ్లి వంగమొక్క మీద పడేది. విడివిడిగా చూస్తే ఏ మొక్కా తీసిపారేసేది కాదు. కలిపి చూస్తే ఆషాఢం డిస్కౌంటు రోజున మా కౌంటరే.

పెరడంతా నీ రాజ్యం, ముందు జాగా ఒక్కటీ నాకు వదిలెయ్ అని బతిమాలాను. డబ్బాలన్నీ నేనే మోస్తానంటే ఒప్పుకుంది. ఇక నా చీర మొదలైంది. మా ఊరి నేత చీరకి ఒళ్లు సాదాగా ఉంటుంది, అందమంతా అంచులోనూ కొంగులోనూ ఉంటుంది. నేనూ అదే పట్టుకున్నాను. ఒళ్లంతా తెల్లగా నందివర్ధనం, పొట్టి రకం. రెండు పక్కలా అంచుకి కనకాంబరాలు, దూరానికి జరీలాగే మెరుస్తాయి. గేటు దగ్గర కొంగు: ఎర్ర మందారాలు, మధ్యమధ్య చారలు పడేట్టు మళ్లీ తెల్ల వరసలు. ఇంకో రంగు లోపలికి రావడానికి వీల్లేదు. మొక్కల బండివాడు ఊరికే ఇస్తానన్న క్రోటన్లు కూడా వద్దంటే అతను నన్ను ఎగాదిగా చూశాడు.

సాయంత్రాలు పైపు పట్టుకుని తడుపుతూ, వరండాలో గోంగూర వలుచుకుంటున్న మా ఆవిడకి ఇదంతా వర్ణించి చెప్పేవాణ్ణి. ఇక్కడిదాకా ఒళ్లు, ఇక్కణ్ణుంచి కొంగు. కొంగులో చారలు మొదట సన్నం, పోనుపోను వెడల్పు. ఈ గోడ మూల నీడకి కనకాంబరం బతకడం లేదు గానీ, బతికితే అంచు ఇలా మలుపు తిరిగి కొంగు చివరంటా వెళ్లాలి. ఆవిడ గోంగూర మీంచి తలెత్తకుండా ఊఁ అనేది, ఆఁ అనేది. గోడకి చెప్పుకోవడం కంటే ఇది నయం అనుకుని చెప్పుకుపోయేవాణ్ణి.

మొక్కలు పూతకొచ్చాయి. అసలు గొడవ అప్పుడే వచ్చింది. కొట్టు మూసి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రయ్యే బతుకు బతికినవాణ్ణి, ఇప్పటికీ ఏడు కొడితేగాని మెలకువ రాదు. ఆవిడ కోడికంటే ముందు లేస్తుంది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వచ్చేసరికి తోటలో ఆకులు తప్ప ఏమీ ఉండేవి కావు. పూలన్నీ పూజగదిలో. ఇదేం అన్యాయమని అడిగితే, పూలు దేవుడికి కాక గేటుకి చూపించడానికా అంది.

రాజీకి వచ్చాం. అంచు ఆవిడది, ఒళ్లూ కొంగూ నావి. ఆ రాజీ సోమవారం దాకా నిలిచింది. సోమవారం శివుడికి తెల్లపూలు కావాలట. మంగళవారం ఆంజనేయస్వామి, శుక్రవారం అమ్మవారు, ఇద్దరికీ ఎర్రమందారాలు. వారంలో ఏడు రోజులూ ఎవరో ఒక దేవుడికి నా తోటలో వాటా ఉందని నాకు అప్పుడే తెలిసింది. దేవుడితో పేచీ పెట్టుకునే ధైర్యం నాకు లేదు, ఆవిడతో అసలే లేదు. మింగలేక కక్కలేక ఆకులు చూసుకుంటూ కాఫీ తాగేవాణ్ణి.

ఇలా ఉండగా భాయ్ వస్తానన్నాడు. భాయ్ అంటే మా కొట్లో నా పక్క కౌంటరు, పట్టుచీరలు. నేను అమ్మే నూలుచీరల్ని ఆస్పత్రి దుప్పట్లు అని ఏడిపించేవాడు. కానీ చీర చూడటం తెలిసిన కన్ను అతనిది. మా సరుకు వచ్చినప్పుడు అతను ఏ చీర దగ్గర ఒక్క క్షణం ఆగుతాడో దొంగచాటుగా చూసేవాణ్ణి. అన్నేళ్లలో బాగుందన్న మాట మాత్రం అతని నోట ఎప్పుడూ వినలేదు. ఫోన్లో తోట గురించి నేను కోసిన కోతలన్నీ విని, ఆదివారం పొద్దున్నే వచ్చి నీ దుప్పటి చూస్తాలే అన్నాడు.

ఆ మాటతో నాకు పట్టుదల పుట్టుకొచ్చింది. నేను పరిచిన చీర పూర్తిగా పరిచి ఉండగా ఆ కన్ను ఒక్కసారి చూడాలి. మా ఆవిడని అడిగాను, ఆ ఒక్కరోజు పూలు కోయొద్దని. ఎంత బేలగా అడిగానో ఏమో, నా మొహంకేసి కాసేపు చూసింది.

"సరే లెండి. ఆ రోజుకి దేవుడికి అక్షింతలు వేస్తాను" అంది.

ఆదివారం నాకూ కోడికంటే ముందే మెలకువ వచ్చింది. తెల్లవారుతుంటే వరండాలో నిలబడి చూశాను. ఒళ్లు తెల్లగా, అంచు నిండుగా, గేటు దగ్గర ఎర్రటి కొంగు. గోడ మూల ఆ కాస్త వెలితి తప్ప నేను అనుకున్నదంతా నా ముందు పరిచి ఉంది.

ఎనిమిదికి రావాల్సినవాడు, ఫోన్ చేస్తే కృష్ణ వారధి మీద ఇరుక్కున్నానన్నాడు. మళ్లీ చేస్తే తాడేపల్లిలో చుట్టాలు టిఫిను తిననిదే వదలడం లేదన్నాడు. ఎండాకాలం ముదిరిన రోజులు, మా వైపు ఎండకి మొహమాటం ఉండదు. తొమ్మిది దాటేసరికి నందివర్ధనాలు తలలు వాల్చాయి, మందారాలు ముడుచుకుపోవడం మొదలెట్టాయి. నీళ్లు చల్లాను, పాత దుప్పటి అడ్డం కట్టాను. ఏం చేసినా లాభం లేకపోయింది. చివరికి బస్టాండులో దిగానని ఫోనొస్తే తీసుకురావడానికి బయల్దేరాను. గేటు వేస్తూ వెనక్కి తిరిగి చూస్తే, మా ఆవిడ పెద్ద బుట్ట చంకన పెట్టుకుని నా చీర మధ్యలోకి దిగింది. చకచకా కోసేస్తోంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఒక్కరోజు, ఒక్క పూట ఆగలేకపోయిందే అని దారంతా కుమిలిపోయాను. తిరుగు ఆటోలో భాయ్ ఏం మాట్లాడాడో ఒక్కటీ చెవికెక్కలేదు. గేటు తీసేసరికి ఉత్త ఆకులు. అంచు కూడా వదల్లేదు. భాయ్ తోటని ఆ చివర నుంచి ఈ చివరికి చూసి, చీర ఏది గురూ అని అడిగాడు. నేను తల దించుకున్నాను.

"ఎండన పడి వచ్చారు, లోపలికి రండి అన్నయ్యగారూ" అంది మా ఆవిడ గుమ్మంలో నిలబడి.

హాల్లో కుర్చీలన్నీ గోడవారకి జరిపేసి ఉన్నాయి. గుమ్మం దగ్గర్నుంచి పూజగది దాకా నేలమీద అరిటాకులు వరసగా పరిచి ఉన్నాయి, వాటి మీద నీళ్లు చిలకరించి ఉన్నాయి. ఆ ఆకుల మీద నా చీర. ఒళ్లంతా వత్తుగా నందివర్ధనం. రెండు పక్కలా కనకాంబరాల అంచు, చెయ్యి తిరిగిన నేతగాడి అంచులా ఎక్కడా వంకర లేదు. గుమ్మం వైపు మందారాల కొంగు, అందులో చారలు, మొదట సన్నం, పోనుపోను వెడల్పు. తోటలో నాకు ఎన్నడూ బతకని ఆ మూల కూడా ఇక్కడ నిండింది. అంచు అక్కడ మలుపు తిరిగి కొంగు చివరంటా వెళ్లింది.

"మీ భాయ్ వచ్చేలోపు వాడిపోతాయని లోపలికి తెచ్చానండీ. ఆ మూల మలుపు మీరు చెప్పినట్టే వచ్చిందా?" అని అడిగింది.

ఊరందరి కోసం చీరలు పరిచిన మనిషిని నేను. నా కోసం ఎవరైనా ఒక చీర పరుస్తారని ఎన్నడూ అనుకోలేదు.

భాయ్ చెప్పులు విడిచి, కొంగు పక్కన నేలమీదే చతికిలబడ్డాడు. కొట్లో చేసే అలవాటు ప్రకారం అంచు వెంబడే చూపుడు వేలు గాల్లో నడిపించుకుంటూ పోయి, ఆ మూల దగ్గర ఆపాడు.

"దీన్ని మడవమాక గురూ" అన్నాడు.

మధ్యాహ్నం ముగ్గురం వంటింట్లోనే కూర్చుని భోంచేశాం, హాల్లో కాలు పెట్టడానికి చోటు లేదు కాబట్టి. దీపాల వేళ భాయ్‌ని బస్సెక్కించి వచ్చాక, ఇక పూలు దేవుడి దగ్గర పెట్టనా అని మా ఆవిడ అడిగింది. బుట్ట నేనే తెచ్చాను. ఆవిడ పూజగది వైపు నుంచి, నేను కొంగు వైపు నుంచి ఏరుకుంటూ వచ్చాం.