మైకులో రాని పేరు

నా చిన్నప్పుడు, ఇప్పటికి యాభై ఏళ్ళ కిందట, కరోనా వచ్చి దుబాయ్ అంతా తలుపులు మూసుకున్న ఏడాది, బర్ దుబాయ్‌లో మా పై అంతస్తులో ఒక అంకుల్ ఉండేవాడు. బిల్డింగులో మన తెలుగువాళ్ళు ఆయన్ని ‘ఆ ఆఫ్రికావాడు’ అనేవాళ్ళు. ఆయన పుట్టింది లండన్‌లో. వాళ్ళ తాత జమైకా నుంచి ఓడెక్కి అక్కడికి వచ్చాడట. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పినా మావాళ్ళ చెవికెక్కలేదు. ఎక్కించుకోవాలని ఎవరికీ లేదు కూడా.

ఆయన పని సంగీతం. కుర్రతనంలో హిప్ హాప్ పాటలకు బీట్లు కట్టాడు. తరవాత జాజ్ వాయించే ముసలివాళ్ళ వెంటపడి ఆ విద్యా పట్టుకుని, రెండూ కలిపి రికార్డులు చేశాడు. హోటల్ బ్యాండ్ నడపడానికి దుబాయ్ వస్తే, కరోనా రాగానే హోటల్‌వాళ్ళు ఖలాస్ అన్నారు. చిన్నాచితకా పనులతో ఎలాగో నెట్టుకొచ్చాడు. బయటి చప్పుడు రాకుండా గోడలకు రజాయిలు కొట్టి, పడకగదినే స్టూడియో చేసుకున్నాడు. వీసా గడువులోగా ఉద్యోగం దొరక్కపోతే దేశం వదిలిపోవాలి.

విమానాలు ఆగిపోయి మా నాయనమ్మ కూడా కరీంనగర్ వెళ్ళలేక మా దగ్గరే చిక్కుకుంది. బియ్యం ఏరుతూ నాట్ల పాట పాడుకునేది. ఒక సాయంత్రం అంకుల్ కిందికొచ్చాడు. చెప్పులు బయట విడిచి, నేలమీద కూర్చుని, ఆవిడ గొంతు తన పాటలో పెట్టుకోవచ్చా అని అడిగాడు. ఆయన ఇంగ్లీషుకీ ఈవిడ తెలుగుకీ మధ్య దుబాసిని నేను.

“గింత దానికి అడుగుడేంది కొడుకా?” అంది నాయనమ్మ.

అంకుల్ వాళ్ళ తాత పాటను ఎవరో రికార్డు చేసుకుని పేరు మాత్రం ఎక్కడా వేయలేదట. అందుకే ఎవరి గొంతూ అడక్కుండా ముట్టుకోనన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. మా ఇంట్లో నాయనమ్మను ఎవరూ ఏదీ అడిగేవాళ్ళు కాదు. దుబాయ్ టికెట్ కూడా కొన్నాకే చెప్పారు.

పాట అద్భుతంగా వచ్చింది. మా నాన్న తెలుగు సంఘానికి సెక్రటరీ. సభలకు మళ్ళీ అనుమతి వచ్చాక, ఉగాది వేడుకకు ఆ పాట కావాలని అంకుల్ వెంటపడ్డాడు. ముఖ్య అతిథి నాలుగైదు హోటళ్ళున్న తెలుగు పెద్దమనిషి. ఆయన ముందు నా పేరు ఒక్కసారి చెప్పండి, నాకు పని దొరుకుతుంది అన్నాడు అంకుల్. అంతకుమించి ఏమీ అడగలేదు. “ష్యూర్ బ్రదర్” అని నాన్న ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను.

ఆ రోజు అంకుల్ కోటు వేసుకుని వెనక వరసలో కూర్చున్నాడు. పాట అయ్యేసరికి హాలంతా చప్పట్లు. ఎవరు చేశారిది అని అతిథి అడిగాడు. నాన్న మైకు అందుకుని, “మా అమ్మ పాడింది సార్. మ్యూజిక్ మన సంఘం పిల్లలే చేసిండ్రు” అన్నాడు. నాయనమ్మకు శాలువా కప్పారు. ఆవిడ మైకు లాక్కుంది.

“పిల్లలు గాదు. మా మీది ఇంట్ల ఉండే కొడుకు జేసిండు. అగో, ఆడ కూసున్నడు.”

అంకుల్‌కు తెలుగు రాదు. వేలు తనవైపు చూపడం చూశాడు. లేచి, కోటు గుండీ పెట్టుకుని, స్టేజివైపు ఒక అడుగు వేశాడు. “అమ్మకు పెద్దతనం సార్, ఏదో మాట్లాడుతది” అని నాన్న నవ్వుతూ మైకు తీసేసుకున్నాడు. అతిథి నవ్వాడు, హాలంతా నవ్వింది. అంకుల్ అటూ ఇటూ చూసి కూర్చున్నాడు. 

“మాటిచ్చినవు గదరా” అంది నాయనమ్మ కారులో.

“మన పండుగల గాయన పేరేందమ్మా? కమిటీవాళ్ళు నన్ను బతకనిస్తరా? ఇగ వదిలెయ్” అన్నాడు నాన్న.

ఉద్యోగం రాలేదు. నెల తిరక్కముందే అంకుల్ వెళ్ళిపోవలసి వచ్చింది. ఆ ముందురోజు నాయనమ్మా నేనూ పైకి వెళ్ళేసరికి గోడల మీది రజాయిలు మడత పెడుతున్నాడు. ఆ రోజు మైకులో మీ నాయనమ్మ ఏమందని నన్ను అడిగాడు. చెప్పాను. మళ్ళీ చెప్పమన్నాడు, మళ్ళీ చెప్పాను. నాయనమ్మకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. తరవాత, మరి అందరూ ఎందుకు నవ్వారు అని అడిగాడు.

అన్నాళ్ళూ వాళ్ళిద్దరి మాటలూ తడుముకోకుండా అటూ ఇటూ చేరవేసిన నేను, నాన్న అన్న మాట ఆయనకు చెప్పకుండా, ఆ ప్రశ్ననే తెలుగులో నాయనమ్మకు చేరవేశాను. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాకిప్పుడు మనవలున్నారు. నలుగురూ నవ్వుతుంటే వాళ్ళతో కలిసి నవ్వలేను. ఎవరిని చూసి నవ్వుతున్నారో ముందు వెతుక్కుంటాను. మా నాన్న చెడ్డవాడు కాదు. నన్ను ప్రాణంగా పెంచాడు, ఆయన చివరి రోజుల్లో నేనే దగ్గరుండి చూసుకున్నాను. కానీ ఆ నవ్వు విషయంలో మాత్రం ఆయన్ని క్షమించలేదు.